పెరై ప్రొఫెసరూ బడి కింద నేలా

పినాంగ్ రాష్ట్ర రాజకీయాల్లో పి. రామసామి గడిపిన 15 ఏళ్లను తూచేవాళ్లు చాలావరకు పదవి దగ్గరే ఆగిపోతారు. మలేసియాలో ఒక రాష్ట్రానికి ఉప ముఖ్యమంత్రి అయిన తొలి భారతీయ సంతతి నాయకుడు ఆయన. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనిషి చదువుల మీద పెత్తనమే లేని కొలువులో కూర్చోవడం నాకు అంతకన్నా ఆసక్తికరం. 1957 నాటి రాజ్యాంగపు తొమ్మిదో షెడ్యూలు విద్యను కేంద్రానికి అప్పగించింది. రాష్ట్రాలకు మిగిలినవాటిలో బరువైనది భూమి. మేస్టారు గెలిచినా రాష్ట్ర సభలో తన వృత్తికి సంబంధించిన అధికారం ఉండదు. అయినా రబ్బరు ఎస్టేటుల్లోని తమిళ బడుల విషయంలో అసలు ముడి పడింది ఆ భూమి దగ్గరే.

1923 నాటి కార్మిక చట్టం ఎస్టేటులో బడి ఈడు పిల్లలు పదిమంది ఉంటే యజమాని బడి పెట్టాలంది. బడి వచ్చింది గానీ దాని కింద నేల కంపెనీదే. రబ్బరు తోటలు ముక్కలై అమ్ముడుపోయి ఇళ్ల స్థలాలుగా మారినప్పుడు కూలీలతోపాటు బడికీ నిలువ నీడ లేకుండా పోయింది. ఈ కథ రామసామికి కొత్త కాదు. తోట కార్మికుల మీద ఆయన పరిశోధన గ్రంథం 1994లోనే వచ్చింది. 2008లో బతు కవాన్ పార్లమెంటు స్థానంలో అప్పటి ముఖ్యమంత్రి కో సూ కూన్‌ను ఓడించి, పెరై నుంచి రాష్ట్ర సభకూ ఎన్నికయ్యారు. ఆయన ఉప ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వం రాష్ట్రంలోని 28 తమిళ బడులకు ఏటా నిధులిచ్చింది, కొన్నిటికి స్థలాలూ చూపింది.

ఇది దానధర్మమే తప్ప అధికారం కాదనవచ్చు. తమిళ ఉన్నత పాఠశాల ప్రతిపాదనే అందుకు సాక్ష్యం: రాష్ట్రం సిద్ధపడినా కేంద్రం ఒప్పుకోలేదు. పాఠ్యప్రణాళిక, ఉపాధ్యాయుల నియామకం విషయంలో ఈ ఆక్షేపణకు జవాబు లేదు. వ్యక్తి పోతే పనీ పోతుందన్న మాట మాత్రం నిలవదు. 2023లో సొంత పార్టీయే ఆయనకు టికెట్ ఇవ్వలేదు, ఆయన బయటికొచ్చి ఉరిమై పార్టీ పెట్టుకున్నారు. బడి పేరిట రాసిన స్థలం ఆయనతో వెళ్లిపోలేదు. కేంద్రం ఏటా ఇచ్చే గ్రాంటుకు ఆ స్థిరత్వం లేదు.

మన సంగతికి వస్తే, పెరాక్‌లోని బగాన్ దాతో వైపు తెలుగు కూలీల తోటలుండేవి, వాటిలో తెలుగు బడులూ నడిచాయి. 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడింది. జనం తక్కువ కావడం, తమిళమే భారతీయుల భాషగా చెలామణీ కావడం ఆ బడులను దెబ్బతీశాయి, నిజమే. రాష్ట్ర కచేరీలో వాటికోసం స్థలమడిగే గొంతు బలంగా లేకపోవడమూ ఒక కారణమని నా అంచనా. నేడు మలేసియా ప్రభుత్వ ప్రాథమిక బడులు మలయ్, చైనీస్, తమిళ మాధ్యమాల్లోనే నడుస్తున్నాయి. తెలుగు బడి ఒక్కటీ లేదు.