పల్నాటి కొలుపులు, రెండు మహమ్మారులు

వేసవి ముదిరి, చెరువులు అడుగంటి, ఊరంతయు ఒక్క దిగుడుబావినే ఆశ్రయించు కాలమున వాంతిభేది తలసూపినను, పసిబిడ్డల మేన మశూచికపు పొక్కులు లేచినను, తక్కిన తెలుగు పల్లెలలో వలెనే మెట్టసీమయగు పల్నాటను పూర్వము పెద్దలు చేయు నిర్ణయము ఒక్కటియే: గ్రామదేవతకు కొలుపు చేయవలెను. కారణము దేవతాగ్రహ మన్నప్పుడు రెండు రోగములకును చికిత్స ఒకటే యగుట సహజము.

అయినను ఆ ఆచారమును పూర్తిగా ఈసడింప నాకు మనసొప్పదు. అమ్మవారు పోసిన యింట వేపమండలు కట్టి, పరుల రాకపోకలు మాన్పించుట మశూచికమును కుదుర్పలేకపోయినను, దాని వ్యాప్తిని కొంత అరికట్టియుండును. వాంతిభేది నీటి వెంట వచ్చునది గనుక దానికి వేపమండ అడ్డు కాలేదు. పైపెచ్చు కొలుపునకు వచ్చిన బంధుకోటి యంతయు ఆ బావినీటినే త్రాగి, రోగమును తమ తమ గ్రామములకు మోసికొనిపోవుటకు వీలుండెను.

1884లో కలకత్తా నగరమున రాబర్ట్ కాక్ పండితుడు నిర్ధారించిన వాంతిభేది (కలరా) క్రిమి బాక్టీరియా జాతిది. ఏకకణమే యైనను ఆహారమును తానే గ్రహించి, తానే రెండుగా చీలి, మానవదేహము వెలుపల నీటిలోను బ్రదుకగల సంపూర్ణజీవి. మశూచికమునకు హేతువైన వైరస్ అట్టిది కాదు. 1892లో రష్యా దేశీయుడగు ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన పొగాకు రసమును బాక్టీరియాను ఆపగల పింగాణీ వడపోతగుండా పంపినను, అది ఆరోగ్యవంతమగు మొక్కకు తెగులు నంటించుట గమనించెను. గుంటూరు మండలపు పొగాకు రైతులకు ఆ మొజాయిక్ తెగులు క్రొత్తది కాదు. వడపోతను దాటిన ఆ వైరస్‌కు స్వంత వంటిల్లు లేదు. పరకణమున జొరబడి, దాని పరికరములతోనే తన ప్రతులను చేయించుకొనును.

ఈ భేదము మందుల విషయమునను కానవచ్చును. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయము 1948లో వెలువరించిన ఆరియోమైసిన్ అను మందు, బాక్టీరియా తనలో మాంసకృత్తులు తయారుచేసికొను యంత్రాంగమునే స్తంభింపజేయును. మశూచికపు వైరస్‌కు అట్టి యంత్రాంగమే లేనందున ఆ మందు దానిపై పనిచేయదు. దానికి ఉపాయమైనది 1796లో జెన్నర్ కనిపెట్టిన టీకా.

మశూచికపు వైరస్‌కు మానవుడు తప్ప వేఱొక నిలయము లేకపోవుటచే, టీకాల ధాటికి అది 1975లో మన దేశమును వీడెను. ప్రపంచమంతటను నశించినట్లు 1980లో ప్రకటింపబడెను. కలరా క్రిమి మానవుని ప్రమేయము లేకయే నదీముఖములందలి ఉప్పునీట జీవించుచుండుటచే దానిని అట్లు తుడిచివేయుట సాధ్యము కాలేదు. మశూచికపు టీకాలు మానివేసితిమి, మంచిదే. త్రాగు నీటిబావులలో బ్లీచింగు పొడి చల్లుట మాత్రము మానరాదు.