బడి చేతిలో వీసా

హెచ్-1బి అనగానే మన ఇళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గుర్తొస్తుంది. అదే వీసా మీద అమెరికా ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెప్పినవాళ్లూ వేలల్లో ఉన్నారు. 1961 చట్టంతో పుట్టిన జె-1 వీసా సాంస్కృతిక మార్పిడి పేరుతో టీచర్లను రప్పించి, కొన్నేళ్లకు వెనక్కి పంపేది. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బి ఆరేళ్లు ఉండనిచ్చి, గ్రీన్‌కార్డు ఆశ కూడా మిగిల్చింది. 2002 జనవరిలో అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం ముఖ్యమైన సబ్జెక్టులన్నిటికీ పూర్తి అర్హతలున్న టీచర్లే ఉండాలంది. దాంతో కొన్ని స్కూలు జిల్లాలు ఫిలిప్పీన్స్ దాకా వెళ్లి వెతికాయి. అక్కడి నుంచి వచ్చిన టీచర్లు పడ్డ బాధలకు దళారులే కారణమని చెప్పుకోవడం అలవాటైంది. నాకు మాత్రం అసలు లోపం వీసాలోనే కనిపిస్తుంది: దరఖాస్తు పెట్టేదీ, పొడిగింపు కోరేదీ యజమానే.

దళారులు అమాయకులని కాదు. ఫిలిప్పీన్స్ నుంచి లూసియానాకు వచ్చిన టీచర్ల దగ్గర వేల డాలర్లు గుంజిన నియామక సంస్థ 45 లక్షల డాలర్లు చెల్లించాలని 2012లో జ్యూరీ తీర్పు చెప్పింది. కానీ మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో తప్పు చేసింది సాక్షాత్తూ ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థే. చట్టప్రకారం తాను భరించాల్సిన వీసా ఖర్చులను టీచర్ల నెత్తిన వేసిందని కార్మిక శాఖ తేల్చింది. 2011 రాజీ ప్రకారం 1,044 మందికి సుమారు 42 లక్షల డాలర్లు ఇవ్వాలి, లక్ష డాలర్ల జరిమానా కట్టాలి, రెండేళ్లు వీసా దరఖాస్తులు పెట్టకూడదు. ఈ నిషేధం వినడానికి న్యాయంగానే ఉంది. అయితే గడువు దగ్గరపడిన టీచర్లకు పొడిగింపు దారి కూడా దాంతోనే మూసుకుపోయింది. శిక్ష బడికి వేశారు, పెట్టె సర్దుకోవాల్సింది మాత్రం మోసపోయినవాళ్లు.

2000 నుంచి యజమానిని మార్చుకునే వెసులుబాటు ఉందిగా అనవచ్చు. కాగితం మీద ఉంది. కానీ కొత్త జిల్లా మళ్లీ దరఖాస్తు పెట్టాలి. రాష్ట్రం మారితే టీచర్ లైసెన్సూ మారుతుంది. ఇష్టపడే వెళ్లారు, సొంత దేశంలో కంటే ఎక్కువే సంపాదించారు అన్నదీ నిజమే. అప్పు చేసి వెళ్లినవాళ్లు నోరు విప్పకపోవడానికి ఆ జీతమే కారణం. గ్రీన్‌కార్డుతో ఈ ముడి తెగుతుంది, నిజమే. కానీ ఆ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే పరిమితి కావడంతో, మన భారతీయులకైతే అది దశాబ్దాల మాట. 2025 సెప్టెంబరులో విదేశాల నుంచి తెచ్చుకునే కొత్త హెచ్-1బి ఉద్యోగులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. టీచర్ ఏడాది జీతాన్ని మించే ఆ మొత్తాన్ని ఏ స్కూలు జిల్లా కడుతుంది? ఇక మిగిలేది జె-1: మూడేళ్లు, మహా అయితే మరో రెండేళ్లు.