కవిగోష్ఠి మర్యాదలు: రాజశేఖరుని ‘కావ్యమీమాంస’ – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కావ్యం ఏకాంతంలో పుట్టినా దాని పరీక్ష నలుగురి నడుమ జరుగుతుంది. కవి ఎవరికి వినిపించాలి, ఎంత వినిపించాలి, విన్నవారు ఎలా తీర్పు చెప్పాలి అన్న ప్రశ్నలను భారతీయ అలంకారశాస్త్రంలో విస్తారంగా చర్చించిన గ్రంథం రాజశేఖరుని ‘కావ్యమీమాంస’. 9వ శతాబ్ది చివర, 10వ శతాబ్ది తొలినాళ్లలో కన్యాకుబ్జపు ప్రతీహార ప్రభువుల ఆస్థానాన్ని ఆశ్రయించిన కవి ఆయన. తలపెట్టిన 18 అధికరణాలలో తొలిదైన ‘కవిరహస్యం’ మాత్రమే నేడు లభిస్తున్నది. 1916లో బరోడా నుండి గాయక్వాడ్ ప్రాచ్య గ్రంథమాల ప్రథమ గ్రంథంగా అది వెలువడింది. అందులోని పదవ అధ్యాయం కవిచర్యను, రాజచర్యను నిర్దేశిస్తుంది. ఆ నియమాలు పైకి సభామర్యాదలుగా కనిపించినా, వాటి అసలు ప్రయోజనం అసంపూర్ణ రచనను, కర్తృత్వాన్ని, నిష్పాక్షికమైన తీర్పును కాపాడటమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. కవి పాటించవలసిన నియమాలు

రాజశేఖరుడు కవి దినచర్యను ప్రహరాలుగా విభజించాడు. ఉదయం శాస్త్రాధ్యయనం, ఆపై రచన, భోజనానంతరం కావ్యగోష్ఠి. గోష్ఠిలో ప్రశ్నోత్తరాలు, సమస్యలు, చిత్రకవిత్వాభ్యాసం సాగుతాయి. ఆ తర్వాతి ప్రహరంలో ఒంటరిగానో, పరిమితమైన పరిషత్తుతోనో ఉదయం రాసినదాన్ని పరీక్షించుకోవాలి. రసావేశంలో ఉన్నవానికి వివేచనాదృష్టి ఉండదన్నది ఇందుకు ఆయన చూపిన కారణం. అధికమైనదాన్ని తొలగించడం, కొరవడినదాన్ని పూరించడం, క్రమం తప్పినదాన్ని సరిదిద్దడం, మరచినదాన్ని చేర్చడం ఆ పరీక్షలోని పనులు. వినోదగోష్ఠి వేరు, పరిష్కరణ వేరు అన్న విభజన ఇక్కడ స్పష్టంగా ఉంది.

సగం రాసిన కావ్యాన్ని పరుల ముందు చదవరాదన్నది మరో నియమం. అలా చదివితే అది పూర్తికాదని ఆయన హెచ్చరిక. కొత్త రచనను ఒక్కని ఎదుట మాత్రమే వినిపించరాదని కూడా అన్నాడు. విన్నవాడు అది తనదేనంటే కాదనడానికి సాక్షి ఉండడు. లిఖితప్రతులు చేతులు మారే కాలంలో శ్రోతల సమూహమే కర్తృత్వానికి ప్రమాణమైందని దీనివల్ల తెలుస్తుంది. శబ్దహరణ, అర్థహరణలను తర్వాతి అధ్యాయాలలో విపులంగా వర్గీకరించడం కూడా ఈ ఆందోళన తీవ్రతకు నిదర్శనం. ఆ సందర్భంలో రాజశేఖరుని భార్య అవంతిసుందరి మాటలను కూడా గ్రంథం ఉదాహరిస్తుంది. అతడు అప్రసిద్ధుడు, తాను ప్రసిద్ధుడు వంటి సాకులు అపహరణకు ఎలా ఆధారమవుతాయో ఆమె ఎత్తిచూపింది.

తన రచనపై తనకుండే పక్షపాతం గుణదోషాలను తారుమారు చేస్తుంది కనుక దాన్ని ఇతరులచేత పరీక్షింపజేయాలి. అయితే తాను కవినని భ్రమించేవానితో వాదం తగదు. అతని ముందు సూక్తి అరణ్యరోదనమే. అతని మనసుకు అనుగుణంగా నడుచుకోవడమే మేలన్నది రాజశేఖరుని లౌక్యం.

3. శ్రోత స్వభావం

నాలుగవ అధ్యాయంలో భావకులు నాలుగు విధాలుగా కనిపిస్తారు. ఏదీ రుచించని అరోచకి, గడ్డితో సహా అన్నీ మింగే సతృణాభ్యవహారి, పరుల గుణాన్ని చూసినా చెప్పని మత్సరి, వేలమందిలో ఒకడుగా దొరికే తత్త్వాభినివేశి. కవికి ఇన్ని నియమాలు విధించిన గ్రంథం మత్సరిని మాత్రం వర్ణించి వదిలింది. అతనిని అదుపు చేసే భారమంతా సభాపతిపైనే పడింది.

4. సభావిన్యాసం, అధికారం

రాజు నిర్మించవలసిన సభకు 16 స్తంభాలు, 4 ద్వారాలు. రాజాసనానికి ఉత్తరాన సంస్కృత కవులు, తూర్పున ప్రాకృత కవులు, పడమట అపభ్రంశ కవులు, దక్షిణాన భూతభాషా కవులు కూర్చోవాలి. వారి వెనుక ఆయా విద్యలవారు, కళాకారులు, వృత్తులవారు ఉంటారు. బహుభాషాకవి తనకు ఎక్కువ నైపుణ్యమున్న భాష వైపు కూర్చోవాలి. వేదవిదులను, తార్కికులను సంస్కృతం వెంట, చిత్రకారులను, లోహకారులను అపభ్రంశం వెంట ఉంచడంలో సామాజిక శ్రేణి దాగి ఉంది. అంతకు పూర్వమే వాత్స్యాయనుడు గోష్ఠిలో పూర్తిగా సంస్కృతంలోగాని, పూర్తిగా దేశభాషలోగాని మాట్లాడవద్దన్నాడు. అక్కడ ఒకే నోట కలిసిన భాషలు ఇక్కడ దిక్కులుగా విడిపోయాయి. అయినా ఇదే అధ్యాయం కవిత్వసంస్కారం ఆత్మగతమని, అందులో స్త్రీపురుష భేదం లేదని చెప్పడం గమనార్హం.

వాసుదేవ, సాతవాహన, శూద్రక, సాహసాంకుల వంటి సభాపతులను రాజు అనుసరించాలని గ్రంథం ఆదేశిస్తుంది. ఆ ఆదర్శం తప్పిన రాజు తీర్పుపై విన్నవించుకొనే మార్గాన్ని మాత్రం చూపదు.

5. తెలుగు అవధానంతో పోలిక

ఈ లోపాన్ని తెలుగువారి అవధానప్రక్రియ మరో విధంగా ఎదుర్కొన్నదని చెప్పవచ్చు. అష్టావధానంలో ప్రతి పృచ్ఛకునికీ నిర్దిష్టమైన అంశం ఉంటుంది. నిషిద్ధాక్షరి అడిగేవాడు అక్షరాన్ని నిషేధించవచ్చు, సమస్య ఇచ్చేవాడు చిక్కుముడి వేయవచ్చు. కానీ ఎవరి హద్దు వారిదే. మాటలతో అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడం కూడా ‘అప్రస్తుతప్రసంగం’ పేరుతో ఒక బాధ్యతగా మారింది. అంతరాయాన్ని నిషేధించడానికి బదులు దానికి స్థానం, పరిమితి కల్పించడం ఈ ప్రక్రియ విశిష్టత. తీర్పు ఒక్క ప్రభువు చేతిలో ఉండదు. పద్యం పూర్తయిందా, ధారణ నిలిచిందా అన్నది సభ అంతటికీ ప్రత్యక్షంగా తెలుస్తుంది. పృచ్ఛకుని విజ్ఞత కూడా అదే సభలో పరీక్షకు గురవుతుంది.

6. ముగింపు

రాజశేఖరుని నియమాలు కవి ఆత్మరక్షణకు బలమైనవి, శ్రోత నియంత్రణకు బలహీనమైనవి. ఆయన సభలో మర్యాద సభాపతి సచ్ఛీలతపై ఆధారపడింది. అవధానంలో అది ప్రక్రియానిర్మాణంలోనే ఇమిడింది. కావ్యచర్చకు నియమాలు ఏర్పరచే ఏ సమాజమైనా కవిని మాత్రమే కాక మత్సరిని, అధ్యక్షుని కూడా వాటికి లోబరచాలన్నది ఈ పోలిక వల్ల తేలే విషయం.