బుడ్డలు రాకముందు రోట్లో ఏముండేది

కర్నూలు, కడప జిల్లాల తిండి గురించి రాసేవాళ్లు సంగటినీ జొన్నరొట్టెనీ పొగిడి, పక్కనుండే ఊరుబిండినీ పచ్చి ఎర్రగడ్డనూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సీమ తిండి చరిత్ర ఎక్కువగా దాగున్నది ఆ పక్కనున్నదాంట్లోనే. పొయ్యెక్కని ఎర్రగడ్డ, దానికి రోట్లో నూరిన కారం, పులుపు, నూనెగింజ: పట్నాల్లో సలాడ్ అనీ డ్రెస్సింగ్ అనీ ఇంట్లో కలుపుకుంటున్నదానికి ఇక్కడి రూపం ఇదే. అయితే తాతల నాటిదని మనం చెప్పుకునే ఊరుబిండి ఇప్పటి రూపంలో అంత పాతదేమీ కాదు. పాతది నూరే పద్ధతి. రోట్లో పడే దినుసులు మాత్రం మారుతూ వచ్చాయి.

మిరపకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల వెంట పడమటి తీరానికి చేరింది. అంతకుముందు కారమంటే మిరియాలు, పిప్పళ్లు. బుడ్డల (వేరుశనగల) పుట్టిల్లు దక్షిణ అమెరికా. 19వ శతాబ్దంలో అవి దక్షిణ ఆర్కాటు చేలలో పండి, పుదుచ్చేరి రేవు మీదుగా ఫ్రాన్సులోని మార్సేయి నూనె మిల్లులకు పోయేవి. దత్తమండలాలని పిలిచిన ఈ సీమ మెట్టచేలలో విస్తారంగా పాకింది 20వ శతాబ్దంలోనే. కాబట్టి 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో కలెక్టరుగా ఉన్నప్పుడు కడప రైతు సంగటిలోకి బుడ్డల ఊరుబిండి నంజుకున్నాడనుకోవడం కష్టం. మరి ఏం నంజుకున్నాడు? నల్లరేగడిలో జొన్న సాళ్ల నడుమ వేసే కుసుమలు, నువ్వులు, అవిసెలు, గురెళ్లు ఉన్నాయి. తుంగభద్రకు ఇవతల ఆదోని వైపూ, అవతల రాయచూరు వైపూ జొన్నరొట్టెకు గురెళ్ల కారం, పచ్చి ఎర్రగడ్డ ఇప్పటికీ జోడీయే. బుడ్డలు ఆక్రమించింది ఈ గింజల చోటునేనని నా అభిప్రాయం.

అంత సులువుగా ఎలా ఆక్రమించాయో రోలు దగ్గర చూస్తే తెలుస్తుంది. నిప్పుల మీద కాల్చిన ఎండుమిరపకాయలను ముందు ఉప్పుతో దంచాలి. తర్వాత తెల్లగడ్డ, నానిన చింతపండు. ఆపైన వేయించి పొట్టు ఊదిన బుడ్డలు. బుడ్డ బరువులో దాదాపు సగం నూనే; బండ కింద నలిగేకొద్దీ అది బయటికొచ్చి, చింతపండు పులుపుతో కలిసి ముద్ద కడుతుంది. విడిగా నూనె పోయక్కర్లేదు. ఎర్రగడ్డ చివర్లో వేసి కచ్చాపచ్చాగా నలిపితే చాలు. ముందే వేస్తే నీరు వదిలి బిండి పలచబడుతుంది. నువ్వులతో చేసినా వరుస ఇదే. రోలుకు కొత్త విద్య నేర్పాల్సిన పని రాలేదు.

ఇదంతా పేదరికపు తిండి, దీన్ని వంట అనడమెందుకని కొందరంటారు. సగటున 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. కట్టెలూ నీళ్లూ పొదుపుగా వాడాల్సిందే. సంగటికి ఒక్క పొయ్యి చాలు, నంజుడుకు రెండో మంట అక్కర్లేదు. కానీ లేమి ఒక్కటే కారణమైతే ఈ దినుసుల వరుస, ఈ కొలత ఎందుకు పుడతాయి? 1876-78 ధాత కరువులో లక్షలమంది చనిపోయారు. అలాంటి ఆకలి రోజుల్లో నూనెగింజ వేయించి నూరుకునే తీరిక ఎవరికుంటుంది? ఊరుబిండి చేను పండిన ఇంట్లో పుట్టే తిండి. గింజంతా నూనె మిల్లుకు తోలకుండా కొంత ఇంట్లో ఉంచుకున్న రైతు రుచిని ఎంచుకున్నాడు.

పులుపు దగ్గర ఇంకో మార్పు మన కళ్ల ముందే నడుస్తోంది. పత్తికొండ టమాటా చవకగా దొరికే రోజుల్లో అది చింతపండు చోటుకు వస్తోంది. పచ్చిది నూరితే నీళ్లోడుతుంది కాబట్టి ముందు నిప్పుల మీద కాల్చాలి. చింతపండు బిండి మర్నాటి చద్దికీ పనికొస్తుంది. టమాటాది రాత్రికే అయిపోవాలి.