పూర్వ బీదరు మండలమున కెమెరా: సంచారము, వలస, ప్రజాప్రతిఘటన

బీదరు చరిత్ర యనగానే బహమనీల కోటయు, మహమూద్ గవాను 1472లో కట్టించిన మదరసాయు, బిద్రీ పనితనమును మనకు స్ఫురించును. ఇవి యన్నియు ఘనమైనవే. కాని ఈ మండలమున మరియొక చరిత్ర కలదు. అది ఊరూర తిరిగి బ్రతికినవారిది, కరవుకు ఊరు విడిచిన కూలివారిది, అధికారమున కెదురు నిలిచిన సామాన్యులది. అది శిలాశాసనముల కెక్కలేదు. దానిని కొంతవరకైనను పట్టి నిలిపినవి ఛాయాచిత్రము, పిదప వీడియో. ఆ యంత్రము ఎవరి చేతులలో పుట్టి ఎవరి చేతులకు చేరినదో పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా మండలపు ఎల్లలను గూర్చి ఒక మాట. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విభజింపబడినప్పుడు బీదరు జిల్లా మూడు ముక్కలైనది. బీదరు, భాల్కి, హుమ్నాబాదు ప్రాంతములు మైసూరు రాష్ట్రమున చేరెను. ఉద్గీరు, నీలంగా, అహమ్మదుపూరు బొంబాయి రాష్ట్రమునకు పోయెను. తెలుగు వారధికముగా నున్న జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకు వచ్చి మెదకు జిల్లాలో కలిసెను. నేడు జహీరాబాదు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాకు చెందినది. పాలనాసరిహద్దు మారినను నేల మారలేదు. బీదరు పీఠభూమి ఎఱ్ఱమన్ను జహీరాబాదు చేలలోను కానవచ్చును. అంగడులు, చుట్టరికములు, మూడు భాషలు కలగలిసిన పలుకుబడి సరిహద్దునకు ఇరువైపుల నేటికిని నిలిచియున్నవి. కావున పూర్వ బీదరు మండలమును ఒక్కటిగా చూచుట న్యాయము.

ఈ నేల సంచారులకు కొత్తది కాదు. బహమనీ సుల్తానులు పదునైదవ శతాబ్దిలో గుల్బర్గానుండి రాజధానిని ఇచటికి మార్చినపిమ్మట ఇరానునుండి పండితులు, సూఫీలు, పనివాండ్రు వచ్చి స్థిరపడిరి. మదరసా గోడలపైని రంగుపలకలే యందుకు సాక్ష్యము. ఎద్దులపై ధాన్యమును, ఉప్పును మోసి దండులకు అందించిన లంబాడీలు దక్కను దారులన్నియు ఎఱిగినవారు. రైళ్లు, రోడ్లు వచ్చినపిదప వారి వర్తకము క్షీణించెను. బ్రిటిషు ఇండియాలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టము పలు సంచారజాతులను పుట్టుకతోనే అనుమానితులను గావించెను.

సరిగా ఆ కాలముననే కెమెరా దక్కనునకు వచ్చినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్ దయాళ్ (1844–1905) దర్బారులను, వేటలను, సౌధములను అద్భుతముగా చిత్రించెను. 1914లో నిజాము ప్రభుత్వము పురావస్తుశాఖను స్థాపించి గులాం యజ్దానీని అధిపతిగా నియమించెను. ఆయన 1947లో ప్రకటించిన బీదరు చరిత్ర, కట్టడముల గ్రంథము నేటికిని ప్రమాణము. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాము రాజ్యమునందలి కులములను, జాతులను గూర్చి బృహద్గ్రంథమును వెలువరించెను. ఈ కృషి యొక్క విలువను తక్కువచేయరాదు. అయినను ఇందలి దృష్టి యొకటే. కట్టడము కట్టడముగా నిలిచినది, దానిని కట్టినవాడు కనబడడు. సంచారి యొక కులమునకు నమూనాగా నిలిచెనేగాని పేరుగల మనిషిగా కాదు.

ఈ దృష్టి మారినది 1940 దశకమున. కమ్యూనిస్టు పార్టీ పత్రికకు పనిచేసిన సునీల్ జానా (1918–2012) 1943 నాటి బెంగాలు క్షామమును చిత్రించి, పిమ్మట తెలంగాణ రైతాంగ పోరాటమునకు (1946–1951) వచ్చి సాయుధులైన పల్లెవాసులను చిత్రించెను. తుపాకి పట్టిన స్త్రీల చిత్రములు నాటినుండి ఆ పోరాటమునకే ముఖమైనవి. ఇచట మనిషి నమూనా కాడు, చరిత్రకు కర్త.

ఆ కాలముననే బీదరు ప్రాంతము వేఱొక విధముగా రక్తసిక్తమైనది. 1948 మే మాసమున గోర్టా గ్రామమున రజాకారుల చేత జనసంహారము జరిగెను. సెప్టెంబరులో పోలీసు చర్య పిదప ముస్లిములపై దాడులు జరిగెను. నవంబరు, డిసెంబరులలో పర్యటించిన పండిత సుందర్‌లాల్ సంఘము మిక్కిలి నష్టపోయిన నాలుగు జిల్లాలలో బీదరును చేర్చినది, రాష్ట్రమంతట మృతులు 27,000 నుండి 40,000 వఱకు నుందురని అంచనా వేసినది. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రజలకు అందలేదు. ఇరుపక్షముల బాధితులును ఇండ్లు విడిచి తరలిపోయినవారే. వారిలో ఒకరి దుఃఖమును మాత్రమే స్మరించు చరిత్ర చరిత్ర కాజాలదు.

మూడవ ఘట్టము జహీరాబాదు సమీపమున పస్తాపురమున సంభవించెను. మైసూరున జన్మించి దూరదర్శనులో చిరకాలము పనిచేసిన పి.వి. సతీష్ (1945–2023) మిత్రులతో కలిసి 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించెను. పల్లెలలోని దళిత స్త్రీలు సంఘములుగా కూడి బీళ్లను సాగుచేసిరి. జొన్న, కొఱ్ఱ, సామ మొదలగు పంటలను నిలిపిరి. విత్తనములను ఇండ్లలో దాచిరి. సొంత నేలపై తిండి దొరికిననాడు కూలికై పట్టణమునకు పోవలసిన అగత్యము తగ్గును గనుక ఇది వలసకు ప్రత్యుత్తరము. 2001లో సుమారు ఇరువదిమంది స్త్రీలతో కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడెను. పలువురు అక్షరములు రానివారు. పస్తాపురపు చిన్న నరసమ్మ, హుమ్నాపూరు లక్ష్మమ్మ మొదలగువారు వీడియో కెమెరా చేపట్టిరి.

వారు యంత్రమునకు తమ లక్షణశాస్త్రమును తామే కల్పించుకొనిరి. పైనుండి క్రిందికి చూపునది పటేలు షాటు. క్రిందినుండి తలయెత్తి చూచునది బానిస షాటు. కన్నునకు కన్ను సమముగా నుండునది సంఘం షాటు. మేడపైనుండి చూచు దొరను, నేలపై నిలిచి తలయెత్తు జీతగానిని, చాపపై సమముగా కూర్చుండు సంఘమును అనుభవించినవారికి గాని ఈ పరిభాష తోచదు.

2002లో బీటీ ప్రత్తి వాణిజ్యసాగునకు అనుమతి లభించినంతనే వీరు వరంగల్లుకు పోయి, పంటకాలము పొడుగున చిన్నరైతులను మరలమరల కలిసి చిత్రీకరించిరి. ఆ చిత్రము 2003లో వెలువడెను. 2005లో తొలి మూడు బీటీ సంకర రకములకు ఆంధ్రప్రదేశమున అనుమతి నిరాకరింపబడెను. ఈ చిత్రమే యందుకు కారణమనుట అతిశయోక్తి. రైతుల ఆందోళన, పరిశోధకుల లెక్కలు కూడ కలవు. బీటీ ప్రత్తి తరువాత ఇతర రకములతో విస్తరించినదియు నిజమే. కాని నష్టపోయినవాని సాక్ష్యమును అతని భాషలోనే, అతని వంటి స్త్రీలే నమోదుచేసిరనుట చరిత్రలో చిన్న విషయము కాదు. 2008 అక్టోబరున మాచునూరులో సంఘం రేడియో ప్రారంభమైనది.

ఇచట సంచారమునకు మరియొక అర్థము కూడ లభించినది. 1990 దశకాంతమునుండి సంక్రాంతి వేళ పాత పంటల జాతర సాగుచున్నది. అలంకరించిన ఎడ్లబండ్లపై విత్తనముల గంపలు పెట్టుకొని ఊరూర తిరుగుదురు. ఆకలిచే తిరుగుట వలస. విత్తనము పట్టుకొని తిరుగుట ప్రతిఘటన.

ఒక యుగమున దర్బారును, మరియొక యుగమున పోరాటమును చూపిన యంత్రము చివరకు చూడబడినవారి చేతికే వచ్చినదని పై చరిత్ర తెల్పుచున్నది. అయితే గాజుపలక నూఱేండ్లు నిలిచినది; వీడియో టేపు కొన్ని దశాబ్దములకే చెడును. శాసనముల నకళ్లు తీయించినట్లే, తాళపత్రములను కాపాడినట్లే, ఈ పల్లెచిత్రములను కూడ సేకరించి, నకళ్లు తీయించి, తీసినవారి పేర్లతో భద్రపఱచుట మన సారస్వత సంఘములకును విశ్వవిద్యాలయములకును కర్తవ్యము. ఆలసించినచో మనకు మిగులునవి మరల కోటగోడలే.