నల్లా లెక్క, పంటి లెక్క: నల్గొండ తాగునీటిలో ఆరో లక్ష్యం ఎంతవరకు వచ్చింది?

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన ఊళ్ల తరఫున జల సాధన సమితి నడిపిన నిరసన అది. వాళ్లు అడిగింది కృష్ణా నీళ్లు.

ఆ నీళ్లు ఇంటింటికీ చేర్చే బాధ్యతను తెలంగాణలో మిషన్ భగీరథ తీసుకుంది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ లేచింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో పథకం మొదలైంది. గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది లెక్క. ఆ తర్వాత మొదలైన కేంద్ర జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న ప్రమాణం 55 లీటర్లే. 2015 ఏప్రిల్ నాటికి తెలంగాణలో 967గా ఉన్న ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు 2020 ఆగస్టుకు సున్నా అయ్యాయని కేంద్ర జలశక్తి శాఖ పార్లమెంటుకు చెప్పింది.

ఈ సున్నాను ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఆరోదైన 'స్వచ్ఛమైన నీరు, పారిశుద్ధ్యం'లో సాధించిన ప్రగతిగా ఎంతవరకు తీసుకోవచ్చన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న. నీటి వనరు మారిందన్న మాటకు మంచి ఆధారం ఉంది. రోగం ఆగిందన్న మాటకు అంత ఆధారం ఇంకా కూడలేదు. ఈ రెండో మాటను తేల్చగల సమయం మాత్రం సరిగ్గా ఇప్పుడే వచ్చింది.

ముందు జబ్బు సంగతి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. నల్గొండ ప్రస్తావన 1945లో వచ్చింది. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్గొండ కేసుల మీద రాసిన వ్యాసాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చువేసింది. అంటే సమస్య తెలిసిన అరవై ఏళ్లకు పైగా తర్వాత పైపు వచ్చింది. కారణం నేలలోనే ఉంది. ఇక్కడి గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. వాన తక్కువ కావడంతో బోరు లోతుకు పోయేకొద్దీ నీరు ఆ రాయితో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చు. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించింది. దానికి ఈ జిల్లా పేరే పెట్టారు. ఆ పద్ధతిలో శాస్త్రం సరిగ్గానే ఉంది. కానీ రోజూ మోతాదు చూసి కలిపే మనిషి కావాలి, అడుగున చేరిన మడ్డిని తీసి పారబోయాలి. ఈ పని ఏళ్ల తరబడి ఊరూరా నడవడం కష్టం. నీటిని శుద్ధి చేయడం మాని, నీటినే మార్చడం భగీరథ ఎంచుకున్న దారి. నది నీటిలో ఫ్లోరైడ్ తక్కువ కాబట్టి కార్యకారణ సంబంధం స్పష్టంగా ఉంది. ఈ పథకం చేసిన పనిలో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది ఇదే.

ఇక కొలత. పాత సహస్రాబ్ది లక్ష్యాల కాలంలో 'మెరుగైన వనరు' నుంచి నీళ్లు తెచ్చుకునే కుటుంబాలను లెక్కపెట్టేవాళ్లు. గొట్టపు బావి, చేతి పంపు ఆ నిర్వచనంలోకి వచ్చేవి. అలా ఫ్లోరైడ్ పారే బోరు కూడా సాధించిన ప్రగతి కిందే జమ అయ్యేది. నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో వంకర తిరిగిన కాళ్లతో ఉన్న మనిషి ఆ లెక్క ప్రకారం నీటి సౌకర్యం ఉన్నవాడే. 2015లో వచ్చిన కొత్త సూచిక ఈ లోపాన్ని సరిదిద్దింది. నీరు ఇంటి ఆవరణలోనే ఉండాలి, కావలసినప్పుడు రావాలి, మలక్రిములు గానీ పరిమితికి మించి ఆర్సెనిక్, ఫ్లోరైడ్ లాంటివి గానీ అందులో ఉండకూడదు. ఈ మూడూ కలిస్తేనే 'సురక్షిత నిర్వహణ' అంటారు.

కనెక్షన్ల సంఖ్య వీటిలో మొదటిదానికే జవాబిస్తుంది. ఈ తేడా చిన్నది కాదు. జల్ జీవన్ మిషన్ పనితీరు మీద కేంద్రమే చేయించిన 2022 సర్వేలో, పరిమాణం, క్రమం, నాణ్యత మూడింటిలోనూ సరిగ్గా ఉన్న నల్లాలు దేశంలో సర్వే చేసిన గ్రామీణ ఇళ్లలో 62 శాతానికే ఉన్నాయని తేలింది. అది దేశం మొత్తం సగటు, దాన్ని నల్గొండకు అంటగట్టకూడదు. అయినా నల్లా ఉండటం వేరు, నీళ్లు సరిగ్గా రావడం వేరు అనడానికి అది గట్టి ఆధారం. నీతి ఆయోగ్ సుస్థిర అభివృద్ధి లక్ష్యాల సూచీలో దేశం మార్కులు 2018లో 57 నుంచి 2023-24కు 71కి పెరిగాయి. శాఖలు ఈ అంకెలనే ముందు పెట్టి మాట్లాడతాయి. అయితే తొలి సూచీలో 62 సూచికలు ఉంటే తాజాదానిలో 113 ఉన్నాయి. రెండు సంవత్సరాల మార్కులను పక్కపక్కన పెట్టి తేడా తీయడం నిలబడే పద్ధతి కాదు.

జిల్లా స్థాయిలో మరో చిక్కుంది. 2016 అక్టోబరులో పాత నల్గొండ మూడు జిల్లాలైంది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పథకానికి ముందు, తర్వాత లెక్కలను జిల్లా పేరుతో పోలిస్తే రెండు వేర్వేరు భూభాగాలను పోల్చినట్టే. మండలం, అంతకన్నా మేలుగా ఆవాసం యూనిట్‌గా తీసుకోవాలి.

'సున్నా' అంటే భూగర్భజలంలో ఫ్లోరైడ్ పోయిందని కాదు. అది అక్కడే ఉంది. మోటారు కాలిపోయినా, పైపు పగిలినా, కరవు ఏడాదిలో నాగార్జున సాగర్ నీటిమట్టం పడిపోయినా ఊరి ట్యాంకులోకి బోరు నీళ్లు ఎక్కించే అవకాశం ఉంటుంది. ట్యాంకు ఒకటే, పైపు ఒకటే, అందువల్ల ఇంట్లో నల్లా తిప్పే మనిషికి తేడా తెలియదు. శుద్ధి కేంద్రం దగ్గరి నమూనా బాగుంటే సరిపోదు. నమూనా చివరి ఇంటి నల్లా దగ్గర, ఎండాకాలంలో, కరెంటు సరిగ్గా లేని వారాల్లో తీయాలి. ఊళ్లలో మహిళలకు శిక్షణ ఇచ్చి అందించిన నీటి పరీక్ష కిట్లు తొలి హెచ్చరికకు పనికొస్తాయి. నిర్ధారణ ప్రయోగశాలలోనే జరగాలి.

ఆరోగ్యం మాటకొస్తే, ఎముకల ఫ్లోరోసిస్ వచ్చినవాళ్లకు అది తిరిగి పోదు. వాళ్లు జీవితాంతం బాధితులే. అందుకే రోగుల సంఖ్య తగ్గలేదని పథకాన్ని తప్పుపట్టలేం, తగ్గిందని పొగడనూ లేం. ఆ సంఖ్య పాత నీటి చరిత్ర. కొత్త నీటి చరిత్ర పిల్లల పళ్ల మీద ఉంటుంది. శాశ్వత దంతాల్లో ముందు పళ్ల ఎనామెల్ ముఖ్యంగా తొలి మూడు, నాలుగేళ్లలో తయారవుతుంది. అప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే మచ్చలు, గారలు పడి జీవితమంతా ఉంటాయి. ఆ పళ్లు బయటికొచ్చేది ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య. 2019లో పుట్టిన పిల్లల ముందు పళ్లు 2025, 2027 మధ్య వస్తాయి. నల్లా నీళ్లతో పెరిగిన తొలి తరం ఇప్పుడు బడిలో నోరు తెరిచి చూపించగల వయసులో ఉంది.

ఇక్కడా జాగ్రత్త కావాలి. చాలా ఊళ్లలో జనం తాగేది నల్లా నీళ్లు కాదు, ఆర్వో ప్లాంటు దగ్గర కొన్న ఇరవై లీటర్ల క్యాన్. పళ్లు బాగుపడితే ఆ ఫలితం ఎవరిది? నల్లాదా, క్యాన్‌దా? వంటకు ఏ నీళ్లు వాడుతున్నారు? బోరు నీటితో పండిన పంట, టీ ద్వారా ఎంత ఫ్లోరైడ్ లోపలికి పోతోంది? ఇవి అడగని సర్వే శాఖకు పేరు తెచ్చిపెట్టవచ్చు, నిజం మాత్రం చెప్పదు. డబ్బు పెట్టి క్యాన్ కొనలేని ఇంటి పిల్లలను విడిగా లెక్కించాలి. లక్ష్యంలో 'అందరికీ, సమానంగా' అన్న మాట ఉన్నది వాళ్ల కోసమే.

సర్వేకు కొత్త యంత్రాంగం అక్కర్లేదు. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమంలో బడిపిల్లల పళ్ల పరీక్ష భాగమే. పళ్ల మచ్చల తీవ్రతకు డీన్ సూచిక ఉంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల బడుల్లో ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలను, పోలిక కోసం అవే బడుల నుంచి వెళ్లిన, పథకానికి ముందు పుట్టిన పదిహేను, పదహారేళ్ల వాళ్లను ఒకే దంతవైద్య బృందం, ఎవరు ఏ నీళ్లు తాగారో తెలియకుండా చూడాలి. ఆ ఫలితాన్ని అదే ఆవాసపు నల్లా నీటి పరీక్షలతో పక్కపక్కన అచ్చువేయాలి. నీటి శాఖ దగ్గర నమూనాల లెక్క, ఆరోగ్య శాఖ దగ్గర పళ్ల లెక్క వేర్వేరు ఫైళ్లలో ఉంటే ఈ పోలిక కుదరదు. రెండింటిలోనూ ఒకే ఆవాసం కోడ్ వాడటం మొదటి పని.