చలి ఇళ్లకు సర్కారు సాయం: బ్రిటన్ గ్రాంట్లలో మంచీ చెడూ

ఇక్కడి ఊళ్ల నుంచి చదువులకు, ఉద్యోగాలకు బ్రిటన్ వెళ్లినవారు నవంబరు దాటాక ఇంటికి ఫోను చేస్తే మొదట వచ్చే మాట చలి గురించే. బయటి చలిని కోటుతో ఆపవచ్చుగాని ఇంట్లో చలిని తట్టుకోలేకపోతున్నామని, హీటర్ వేస్తే బిల్లు భయమని వారు చెబుతుంటారు. ఈ ఇబ్బంది కొత్తగా వెళ్లినవారిది మాత్రమే కాదు. అక్కడి పేద కుటుంబాలు, ఒంటరి వృద్ధులు, పసిపిల్లల తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పడుతున్న కష్టమే. అటువంటి ఇళ్లను వెచ్చగా ఉంచేందుకు అక్కడి ప్రభుత్వాలు మూడున్నర దశాబ్దాలుగా గ్రాంట్లు ఇస్తున్నాయి. లక్షల ఇళ్లు బాగుపడ్డాయి. అదే సమయంలో, సాయం పేరుతో చేసిన పనే కొన్ని ఇళ్లకు చేటు తెచ్చిందని 2025లో అధికారిక తనిఖీ తేల్చింది. ఈ సాయం ఎవరికి అందుతుంది, ఏ దారిన అందుతుంది, ఎక్కడ గాడి తప్పింది అన్న వివరాలు తెలుగు కుటుంబాలకూ అవసరమైనవే.

ఇంట్లో వేడి ఎందుకు నిలవదు

ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు నాలుగింట మూడు వంతుల ఇళ్లు గ్యాస్ బాయిలర్ మీదే ఆధారపడి ఉన్నాయని 2021 జనగణన తెలిపింది. బాయిలర్ కాచిన నీరు గొట్టాల ద్వారా గదుల్లోని రేడియేటర్లకు చేరి ఇంటిని వేడెక్కిస్తుంది. అయితే ఆ వేడి ఇంట్లో నిలవాలి. ఏ రక్షణ పొరా లేని ఇంట్లో వేడిలో సుమారు నాలుగో వంతు పైకప్పు ద్వారా, మూడో వంతు గోడల ద్వారా బయటకు పోతుందని అంచనా. చిల్లు కుండలో నీళ్లు పోసినట్లు, ఎంత గ్యాస్ కాల్చినా గది వెచ్చబడదు, బిల్లు మాత్రం పెరుగుతుంది.

దీనికి విరుగుడే ఇన్సులేషన్. అటకలో గాజు పీచుతో చేసిన మెత్తని పరుపును 270 మిల్లీమీటర్ల మందాన పరుస్తారు. రెండు వరుసల ఇటుక గోడ అయితే మధ్యనున్న ఖాళీలోకి పీచును గాని, పూసలను గాని యంత్రంతో ఊదుతారు. పాతకాలపు ఒంటి గోడలకు ఖాళీ ఉండదు కాబట్టి బయటివైపు గాని, లోపలివైపు గాని పలకలు బిగించి పూత పూస్తారు. అన్నిటికంటే ఖర్చు, నైపుణ్యం ఎక్కువ కావలసింది ఈ చివరి పనికే.

ఇళ్లలో ఉష్ణోగ్రత కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. అంతకంటే చల్లని ఇళ్లలో శ్వాసకోశ వ్యాధులు, గుండె జబ్బులు ముదిరే ప్రమాదం ఉంటుంది. వృద్ధులకు, పసిపిల్లలకు ముప్పు మరింత ఎక్కువ.

‘ఇంధన పేదరికం’ అంటే

ఇంటిని వెచ్చగా ఉంచుకోలేని స్థితిని అక్కడ ‘ఇంధన పేదరికం’ అంటారు. ఆదాయంలో పదో వంతుకు మించి ఇంధనానికే ఖర్చు చేయాల్సి వచ్చే కుటుంబాన్ని ఈ కోవలో చేర్చాలని పరిశోధకురాలు బ్రెండా బోర్డ్‌మన్ 1991లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించారు. తరువాత ఇంగ్లండ్‌లో ఈ కొలత మారింది. 2021 నుంచి రెండు షరతులు చూస్తున్నారు. ఇంటి ఇంధన సామర్థ్య ధ్రువపత్రంలో గ్రేడు ‘డి’ గాని అంతకంటే తక్కువ గాని ఉండాలి. ఇంటి ఖర్చులు, ఇంధన ఖర్చులు పోగా మిగిలే ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉండాలి. గ్రేడ్లు ‘ఏ’ నుంచి ‘జి’ వరకు ఉంటాయి. ‘ఏ’ అన్నింటికంటే మేలైనది. ఈ లెక్కన 2024లో ఇంగ్లండ్‌లో 27 లక్షలకు పైగా కుటుంబాలు, అంటే సుమారు 11 శాతం, ఇంధన పేదరికంలో ఉన్నట్లు ప్రభుత్వ గణాంకాలు వెల్లడించాయి.

1991 నుంచి మారుతూ వచ్చిన పథకాలు

పేదల ఇళ్లకు ఇన్సులేషన్ గ్రాంట్లు ఇచ్చే పథకం 1991లో మొదలైంది. 2000లో దానిని విస్తరించి, తరువాత ‘వార్మ్ ఫ్రంట్’ పేరుతో ఇంగ్లండ్‌లో అమలు చేశారు. ఇన్సులేషన్‌తో పాటు బాయిలర్లు, రేడియేటర్లు కూడా సమకూర్చారు. 2013 జనవరిలో ముగిసే నాటికి సుమారు 23 లక్షల కుటుంబాలు దీని ద్వారా లబ్ధి పొందాయి. అయితే ఈ పథకం గురి తప్పిందని జాతీయ ఆడిట్ కార్యాలయం 2009లో ఎత్తిచూపింది. అర్హత పొందగల కుటుంబాల్లో దాదాపు 75 శాతం ఇంధన పేదరికంలో ఉన్నవే అని చెప్పలేమని, మరోవంక నిజంగా ఇబ్బంది పడుతున్నవారిలో సగానికి పైగా అర్హతకు కావలసిన భృతులను తీసుకోవడం లేదని పేర్కొంది. కాగితం మీద అర్హత ఒకరిది, అవసరం మరొకరిదిగా మారింది.

2013లో విధానమే మారింది. ప్రభుత్వ ఖజానాకు బదులు గ్యాస్, విద్యుత్ సరఫరా సంస్థలే పేదల ఇళ్లను బాగు చేయించాలన్న ‘ఎనర్జీ కంపెనీ ఆబ్లిగేషన్’ విధానం వచ్చింది. క్లుప్తంగా దీనిని ‘ఎకో’ అంటారు. ఆ ఖర్చును సంస్థలు వినియోగదారులందరి బిల్లుల్లో కలిపి రాబట్టుకునేవి. అదే ఏడాది వచ్చిన ‘గ్రీన్ డీల్’ రుణ పథకం జనాదరణ పొందక 2015లో మూతపడింది.

ఇన్సులేషన్ పనులు మందగించిన సమయంలోనే ఇంధన సంక్షోభం ముంచుకొచ్చింది. ఉక్రెయిన్‌పై 2022లో రష్యా దండెత్తిన తరువాత గ్యాస్ ధరలు ఆకాశాన్నంటాయి. సగటు ఇంటి ఏడాది బిల్లుపై నియంత్రణ సంస్థ విధించే పరిమితి 2021 అక్టోబరులో 1,277 పౌండ్లు. 2023 జనవరికి అది 4,279 పౌండ్లకు చేరింది. పౌండు విలువ వంద రూపాయలకు పైమాటే. ప్రభుత్వం జోక్యం చేసుకుని ప్రజలపై పడే సగటు భారాన్ని 2,500 పౌండ్ల వద్ద నిలిపింది. ఇళ్లకు ముందే రక్షణ పొరలు వేసి ఉంటే ఆ భారం ఇంకొంత తగ్గేదన్న చర్చ అప్పుడే ఊపందుకుంది.

సాయం రెండు రకాలు

బిల్లు కట్టేందుకు ఇచ్చే సాయం మొదటిది. పింఛను వయసు వారికి 1997 నుంచి ‘వింటర్ ఫ్యూయల్ పేమెంట్’ ఉంది. వయసును బట్టి ఇంటికి 200 లేదా 300 పౌండ్లు ఇస్తారు. 2024లో దీనిని ఇంగ్లండ్, వేల్స్‌లలో పేద పింఛనుదారులకే పరిమితం చేయగా తీవ్ర నిరసన వ్యక్తమైంది. దాంతో 2025 జూన్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఏడాదికి 35 వేల పౌండ్ల లోపు ఆదాయమున్న వారందరికీ పునరుద్ధరించింది. తక్కువ ఆదాయ కుటుంబాలకు విద్యుత్ బిల్లులో 150 పౌండ్లు తగ్గించే ‘వార్మ్ హోమ్ డిస్కౌంట్’ 2025-26 చలికాలంలో సుమారు 60 లక్షల కుటుంబాలకు వర్తించేలా విస్తరించింది.

ఇంటినే బాగుచేసే సాయం రెండోది. ఇంగ్లండ్‌లో స్థానిక కౌన్సిళ్ల ద్వారా ఇచ్చే ‘వార్మ్ హోమ్స్ లోకల్ గ్రాంట్’ 2025లో మొదలైంది. 2028 మార్చి వరకు కొనసాగేలా రూపొందించారు. సొంత ఇల్లు గలవారు, ప్రైవేటు అద్దె ఇళ్లవారు దీని పరిధిలోకి వస్తారు. ఇంటి గ్రేడు ‘డి’ నుంచి ‘జి’ మధ్య ఉండాలి. కుటుంబ వార్షిక ఆదాయం 36 వేల పౌండ్లకు మించకపోవడం గాని, నిర్దేశిత భృతులు పొందుతుండడం గాని, గుర్తించిన వెనుకబడిన ప్రాంతంలో ఇల్లుండడం గాని అర్హతగా చూస్తారు. ఇన్సులేషన్ వంటి పనులకు 15 వేల పౌండ్ల వరకు, కాలుష్యం తక్కువగా ఉండే హీటింగ్ ఏర్పాటుకు మరో 15 వేల పౌండ్ల వరకు వెచ్చిస్తారు. అద్దె ఇల్లయితే యజమాని అంగీకారం తప్పనిసరి. స్కాట్లండ్, వేల్స్‌లకు వేరే పథకాలున్నాయి.

గ్యాస్ బాయిలర్ తీసి హీట్ పంప్ పెట్టుకునేవారికి ఇంగ్లండ్, వేల్స్‌లలో 7,500 పౌండ్ల గ్రాంటు కూడా 2023 అక్టోబరు నుంచి ఉంది. అయితే దానికి ఆదాయ పరిమితి లేదు. మిగతా ఖర్చు భరించగలవారికే అది ఉపయోగం.

98 శాతం ఇళ్లలో లోపాలు

‘ఎకో’ కింద, దానికి తోడుగా వచ్చిన మరో ఇన్సులేషన్ పథకం కింద చేసిన పనులను జాతీయ ఆడిట్ కార్యాలయం పరిశీలించి 2025 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. గోడలకు బయటివైపు పలకలు బిగించిన ఇళ్లలో 98 శాతం ఇళ్లకు మరమ్మతు తప్పనిసరి అని తేల్చింది. ఇటువంటివి 22 వేల నుంచి 23 వేల వరకు ఉన్నాయి. లోపలివైపు పని చేసిన ఇళ్లలో 29 శాతానికి ఇదే దుస్థితి. మరమ్మతు చేయకుంటే చెమ్మ, బూజు పట్టే ప్రమాదం ఉంది. కొన్ని ఇళ్లలో తక్షణ ప్రమాదమూ పొంచి ఉందని గుర్తించారు. నైపుణ్యం లేని కూలీలతో పనులు చేయించడం, ఒక కాంట్రాక్టరు నుంచి మరొకరికి పని చేతులు మారడం, పర్యవేక్షణ బలహీనంగా ఉండడం కారణాలుగా పేర్కొంది.

గోడకు పొర వేసినంత మాత్రాన పని పూర్తికాదు. వంట ఆవిరి, స్నానాల గది తేమ, ఇంట్లో ఆరేసిన బట్టల తడి బయటకు పోవడానికి గాలి మార్గం ఉండాలి. అది మూసుకుపోయినా, బయట బిగించిన పలకల సందుల్లోంచి వాన నీరు దిగినా గోడలకు చెమ్మ పడుతుంది. ఆపై బూజు కడుతుంది. వెచ్చదనం కోసం చేసిన పనే అనారోగ్యానికి కారణమవుతుంది.

బూజు ఎంతటి ముప్పో 2020 డిసెంబరులో రాచ్‌డేల్ పట్టణంలో జరిగిన విషాదం చాటింది. ఇది ఇన్సులేషన్ పథకానికి సంబంధించినది కాదు. సామాజిక గృహ సంస్థ అద్దెకిచ్చిన ఫ్లాటులో బూజు పట్టిందని తల్లిదండ్రులు ఫిర్యాదు చేసినా పట్టించుకోకపోవడంతో, రెండేళ్ల అవాబ్ ఇషాక్ శ్వాసకోశ సమస్యతో మరణించాడు. బూజే కారణమని 2022 నవంబరులో మరణ విచారణాధికారి నిర్ధారించారు. ఆ బాలుడి పేరుతోనే వచ్చిన చట్ట నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లోని సామాజిక అద్దె ఇళ్లకు అమల్లోకి వచ్చాయి. అత్యవసర ప్రమాదమైతే 24 గంటల్లో చర్య తీసుకోవాలి. తీవ్రమైన చెమ్మ, బూజు ఉంటే 10 పనిదినాల్లో విచారణ జరపాలి.

ప్రభుత్వం 2025 నవంబరు బడ్జెట్‌లో ‘ఎకో’ విధానానికి స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించింది. 2026 జనవరిలో 1,500 కోట్ల పౌండ్లతో ‘వార్మ్ హోమ్స్ ప్లాన్’ విడుదల చేసింది. 2030 నాటికి 50 లక్షల ఇళ్ల వరకు బాగుచేయాలన్నది లక్ష్యం.

తెలుగువారు గమనించవలసినవి

విద్యార్థి, ఉద్యోగ వీసాలపై వెళ్లినవారికి సాధారణంగా ప్రభుత్వ నిధుల నుంచి భృతులు తీసుకోరాదన్న షరతు ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్, పెన్షన్ క్రెడిట్ వంటివి వారికి వర్తించవు. ఆ భృతుల ఆధారంగా వచ్చే గ్రాంట్ల తలుపూ అలాగే మూసుకుంటుంది. తెలియక దరఖాస్తు చేస్తే వీసాకే ఇబ్బంది రావచ్చు. కాబట్టి ముందు వీసా పత్రంలోని షరతులు చూసుకోవాలి. శాశ్వత నివాస అనుమతి పొందినవారికి ఈ ఆంక్ష ఉండదు.

అద్దె ఇల్లు తీసుకునే ముందు ఇంధన సామర్థ్య ధ్రువపత్రం అడిగి చూడడం అందరికీ సాధ్యమే. ఇంగ్లండ్, వేల్స్‌లలో గ్రేడు ‘ఇ’ కంటే తక్కువ ఉన్న ఇంటిని, ప్రత్యేక మినహాయింపు ఉంటే తప్ప, అద్దెకివ్వకూడదు. గోడలకు బూజు కనిపిస్తే ఫొటోలు తీసి యజమానికి రాతపూర్వకంగా తెలపాలి. స్పందన లేకుంటే స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఉచిత ఇన్సులేషన్ అంటూ ఇంటి తలుపు తట్టేవారికి సంతకం పెట్టే ముందు ‘ట్రస్ట్‌మార్క్’ నమోదు ఉందో లేదో సరిచూసుకోవాలి.

డబ్బు ఎవరి చేతికి?

తెలుగు రాష్ట్రాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ గాని, తెలంగాణలోని ఇందిరమ్మ ఇళ్లు గాని తీసుకుంటే పునాది, గోడలు, స్లాబు అంటూ దశలవారీగా సాయం లబ్ధిదారు ఖాతాలోనే పడుతుంది. బిల్లు ఆలస్యమైందన్న ఫిర్యాదులు ఇక్కడ ఉన్నా, మేస్త్రీ పని నచ్చకపోతే నిలదీసి, డబ్బు ఆపగల అవకాశం ఇంటివారికి ఉంటుంది. బ్రిటన్ ‘ఎకో’ విధానంలో డబ్బు సరఫరా సంస్థ నుంచి కాంట్రాక్టరుకు నేరుగా వెళ్లింది. ఇంటివారి చేతికి రూపాయి రాలేదు, పని బాగాలేదని ఆపే అధికారమూ రాలేదు. గోడ లోపల ఏముందో వారికి కనిపించదు. బూజు పట్టాకే తెలిసింది.

మంజూరు చేసిన పౌండ్లు, బిగించిన పలకలు లెక్కకు బాగానే వస్తాయి. జనవరి రాత్రి ఆ గదిలో పడుకున్న ముసలివారికి 18 డిగ్రీల వెచ్చదనం దక్కిందా, గోడ పొడిగా ఉందా అన్నదే అసలు లెక్క. కొత్త ప్రణాళికలో ఆ లెక్క ఎవరు చూస్తారన్న దానిపైనే లక్షల కుటుంబాల చలికాలాలు ఆధారపడి ఉన్నాయి.